తలదాచుకునే చోటు కోసం దుర్గాబాయి పాటు

గోదావరి జిల్లాల్లో దుర్గాబాయి పేరు వినని బడిపిల్లలు అరుదు. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగినప్పుడు, ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర టిక్కెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూను లోనికి పోనివ్వని పద్నాలుగేళ్ళ వాలంటీరుగా ఆమెను అందరూ ఎరుగుదురు. చెప్పుకోవడానికి ముచ్చటైన సంగతే. అయితే ఆ ముచ్చట దగ్గరే ఆగిపోవడం వల్ల, ఆమె తన ఆయుష్షులో సగానికి పైగా ధారపోసిన పని మరుగున పడింది. భర్త వదిలేసినా, భర్త చనిపోయినా, జైలు నుంచో ఆసుపత్రి నుంచో బయటకు వచ్చినా వెంటనే వెళ్ళడానికి ఒక ఇల్లంటూ లేని స్త్రీకి, తాను చెల్లించుకోగల ఖర్చుతో ఒక గది, ఆ గదిలో మనసు కుదుటపడేదాకా కొంత వ్యవధి కల్పించడం ఆ పని. ఆ రోజుల్లో దీన్ని గృహవసతి అనీ, మానసిక ఆరోగ్యం అనీ విడదీసి పిలిచేవారు కారు. అంతా కలిపి సంఘసేవ అనేవారు. ఆ మాటలో ఎంత బరువుందో ఆమె జీవితం చూస్తేగానీ తెలియదు.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. మధ్యతరగతి కుటుంబం. బాల్యం ఎక్కువగా కాకినాడలో గడిచింది. ఊళ్ళో అంటువ్యాధులు రేగిన రోజుల్లో నలుగురూ తలుపులు వేసుకుంటే, రోగుల వాకిళ్ళకు వెళ్ళి సాయపడిన మనిషిగా తండ్రికి పేరుంది. ఆ కాలపు ఆచారం ప్రకారం ఎనిమిదో ఏట దుర్గాబాయికి పెళ్ళి చేశారు. వరుడు జమీందారీ కుటుంబానికి చెందినవాడు. పెరిగి పెద్దదవుతున్న కొద్దీ తన దారి వేరని ఆమెకు స్పష్టమైంది. కాపురానికి వెళ్ళే వయసు వచ్చినప్పుడు తాను రాలేనని నేరుగా ఆయనతోనే చెప్పి, మరొక వివాహం చేసుకోవడానికి సమ్మతి తెలిపారు. తండ్రి ఆమె పక్షాన నిలిచారు. 1920ల నాటి కోనసీమ, కాకినాడ ఇళ్ళ సంగతి ఎరిగినవారికి ఇది ఎంత మాటో వేరే చెప్పనక్కరలేదు. ఈ వివాహ వృత్తాంతానికి చాలా ఏళ్ళ తర్వాత ఒక కొనసాగింపు ఉంది. అది దాని చోట వస్తుంది.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ కాకినాడ వచ్చారు. నరసాపురం తాలూకా అప్పటికింకా కృష్ణా జిల్లాలో ఉండేది. పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది 1925లో. దుర్గాబాయికి అప్పుడు పన్నెండేళ్ళు నిండలేదు. ఊళ్ళోని దేవదాసీలను, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలను గాంధీజీ ఎదుట కూర్చోబెట్టాలని ఆమె పట్టు. బహిరంగ సభకు వారు రారు, వచ్చినా వారి పక్కన కూర్చునేందుకు మిగతావారు ఒప్పుకోరు. అందుకని వారికి విడిగా సభ కావాలని అడిగారు. స్థానిక నాయకులు తప్పించుకోవడానికో ఏమో, అయిదు వేల రూపాయల సంచీ సమర్పిస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామన్నారు. చిన్నపిల్ల, పైగా వెలివాడల వంటి ఇళ్ళ ఆడవాళ్ళు, ఎక్కడ తెస్తారులే అనుకుని ఉంటారు. డబ్బు పోగైంది. తెచ్చినవారు ఆ దేవదాసీలే. సభకు చోటు దొరకడం డబ్బుకన్నా కష్టమైంది. చివరికి ఒక పాఠశాల ఆవరణ దొరికింది. కొద్ది నిమిషాల కోసం వచ్చిన గాంధీజీ అరగంటకు పైగా ఉండిపోయారు. స్త్రీలు చేతుల గాజులు, మెడలోని నగలు తీసి కుప్ప పోశారు. ఆయన మాటలను తెలుగు చేసిన పిల్లను అక్కణ్ణుంచి ప్రధాన సభకు కూడా తమతో తీసుకుపోయి, అక్కడా ఆమె చేతనే అనువాదం చేయించారు.

డబ్బు తేవచ్చు గానీ చోటు దొరకదు. ఈ అనుభవం ఆమెకు పన్నెండో ఏటనే కలిగింది. తర్వాత అరవై ఏళ్ళలో ఆమె చేసిన పనుల్లో ఎక్కువ భాగం చోటు సంపాదించే పనులే.

ఇంగ్లీషు మాధ్యమానికి నిరసనగా బడి మానుకున్న దుర్గాబాయి, కాకినాడలో బాలికల హిందీ పాఠశాల పెట్టి, తనకన్నా పెద్దవారికి కూడా పాఠాలు చెప్పారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం మదరాసులో జరిగినప్పుడు నాయకులు ఒక్కొక్కరే అరెస్టు కాగా, ఇరవై ఒకటో ఏట అడుగుపెట్టబోతున్న ఈ యువతి ముందుకు వచ్చి దళాలను నడిపారు. మే నెలలో ఆమెను కూడా అరెస్టు చేశారు. వెల్లూరు జైలుకు పంపారు. విడుదలై మళ్ళీ ఉద్యమం, మళ్ళీ జైలు. మూడోసారి శిక్షలో ఆమెను మధుర జైలుకు తరలించారు.

మధుర జైలు కాలం గురించి కొంచెం నిదానించి చెప్పాలి. అక్కడ ఆమెను సుమారు ఏడాది పాటు ఒంటరి కొట్టులో ఉంచారు. పక్కన మరణశిక్ష పడిన ఖైదీల కొట్లు. మాట్లాడే మనిషి లేరు. పగలు ఎంతో రాత్రీ అంతే. వినపడేదల్లా పక్క కొట్లలోని ఏడుపులు, తాళాల చప్పుడు. ఉద్యమంలో వేలాది మంది ముందు గొంతెత్తిన మనిషికి ఈ నిశ్శబ్దం దెబ్బలకన్నా ఎక్కువ హాని చేసింది. శరీరం క్షీణించింది, నరాలు దెబ్బతిన్నాయి. బయటకు వచ్చేనాటికి కోలుకోవడానికి చాలా కాలం పడుతుందని తేలింది. ఒంటరి కొట్టు మనిషి మనసుకు ఏంచేస్తుందో పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవారు తర్వాతి కాలంలో చాలామంది ఉన్నారు. స్వతంత్ర భారతంలో సంఘక్షేమ విధానం రాసిన మనిషి మాత్రం దాన్ని అనుభవించి తెలుసుకున్నారు.

ఆ జైల్లోనే ఆమె కంటబడిన మరో సంగతి, శిక్ష అనుభవిస్తున్న మామూలు ఆడఖైదీలు. చదువు రాక, చట్టం తెలియక, తమ తరఫున ఒక్క మాట చెప్పేవారు లేక శిక్షపడినవారు వారిలో ఎందరో. శిక్ష ముగిసి బయటకు పోయినా పుట్టింటివారు రానివ్వరు, అత్తింటివారు అసలే రానివ్వరు. అలాంటివారికి జైలు గేటు తెరవడం విడుదల ఎలా అవుతుంది? ఎక్కడికి పోతారు? న్యాయశాస్త్రం చదవాలన్న నిశ్చయం ఆమెకు అక్కడే కలిగింది. రాజకీయం పక్కనబెట్టి చదువు మీద కూర్చున్నారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం పరీక్షలకు ప్రయివేటుగా కట్టి మెట్రిక్యులేషన్, తర్వాత ఇంటరు పూర్తి చేశారు.

బి.ఏ. ఆనర్సుకు వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వెళితే మళ్ళీ చోటు సమస్య ఎదురైంది. ఆడపిల్లలకు వసతిగృహం లేదు గనుక చేర్చుకోవడం కుదరదని ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి అభిప్రాయపడ్డారు. కట్టమంచి వారు సంస్కర్తే. ఆడపిల్ల చదువుకోకూడదని అనలేదు, ఎక్కడ ఉంటుంది అని అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. దుర్గాబాయి వాదనకు దిగలేదు. వాల్తేరులో చదువుకోవాలని ఉండి, ఉండేందుకు చోటు లేక ఆగిపోయిన అమ్మాయిలు తనను సంప్రదించవలసిందని పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. అమ్మాయిలు దొరికారు. అందరూ కలిసి ఒక ఇల్లు చూసుకుని ఖర్చు పంచుకుని తామే హాస్టలు నడుపుకున్నారు. ఇక సాకు లేకపోవడంతో ప్రవేశం దొరికింది. 1939లో రాజనీతి శాస్త్రంలో ఆనర్సు పట్టా తీసుకున్నారు. నరసాపురంలో వై.ఎన్. కళాశాల వెలసింది 1949లో. దానికి పదేళ్ళ ముందు ఈ డెల్టాలోని ఆడపిల్ల కాలేజీ చదువు చదవాలంటే ఏరు దాటి, ఊరు దాటి పోవలసిందే. అక్కడ దిగేందుకు బంధువుల ఇల్లు లేకపోతే చదువు అక్కడితో సరి. ఫీజు కట్టలేక ఆగినవారికంటే ఉండేందుకు చోటులేక ఆగినవారే ఎక్కువేమో అనిపిస్తుంది.

ఈ లోగానే మదరాసులో మరో విత్తు పడింది. మైలాపూరులో తల్లితో, తమ్ముడితో ఉంటూ ఇరుగుపొరుగు పిల్లలను చేరదీసి ఆటపాటలు నేర్పిన చిన్న బృందానికి లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్ అని పేరుపెట్టారు. పిల్లల వెనకే తల్లులు వచ్చారు. వితంతువులు, భర్తలు వదిలేసినవారు, చిన్నతనంలోనే చదువు ఆగినవారు వచ్చారు. 1937 ప్రాంతంలో మొలకెత్తిన ఆ బృందమే ఆంధ్ర మహిళా సభ అయింది. వయసు మీరిన స్త్రీలను బడిలో అయిదో తరగతి నుంచి మొదలుపెట్టమంటే ఎవరు వస్తారు? కాబట్టి రెండేళ్ళలో మెట్రిక్యులేషన్ స్థాయికి తెచ్చి కాశీ పరీక్షకు కూర్చోబెట్టే సంక్షిప్త తరగతులు పెట్టారు. చదువుతో పాటు కుట్టుపని, నేతపని, తర్వాత నర్సు శిక్షణ. అన్నిటికీ ఆధారం మాత్రం హాస్టలు. తలదాచుకునే చోటు చూపకుండా వితంతువును చదువుకోమనడం ఆకలితో ఉన్నవాడికి పంచాంగం చదివి వినిపించడం లాంటిదని ఆమె చేతలే చెప్పాయి.

హాస్టలు కట్టడానికి డబ్బు పోగుచేయడంలో ఆమెకు మొహమాటం లేదు. జమీందారులనూ సినిమావాళ్ళనూ వర్తకులనూ అందరినీ అడిగారు. ఉచితంగా పెట్టడం కన్నా, ఎవరికి తగినంత వారు చెల్లించడం మేలని ఆమె పద్ధతి. చెల్లించలేనివారు పనిచేసి తీర్చుకునేవారు. అందువల్ల సభలో ఉన్న స్త్రీకి తాను ఒకరి దయ మీద బతుకుతున్నానన్న కుంగుబాటు ఉండేది కాదు. ధర్మసత్రానికీ వసతిగృహానికీ తేడా అక్కడే ఉంది.

ముందు చెప్పిన కొనసాగింపు ఈ కాలంలోదే. చిన్ననాట ఆమెను వివాహమాడి, తర్వాత మరో పెళ్ళి చేసుకున్న ఆయన 1941లో చనిపోయారు. ఆయన భార్యకు బంధువుల మధ్య నిలువనీడ లేకపోయింది. ఆ వితంతువు దుర్గాబాయి దగ్గరకు వచ్చారు. దుర్గాబాయి ఆమెను సభలో చేర్చుకున్నారు. చేతిపనుల్లో తర్ఫీదు ఇప్పించి, తన కాళ్ళమీద తాను నిలబడే ఉద్యోగానికి తోవ చూపారు. వావివరసల లెక్కలో వారిద్దరి మధ్య ఉన్న బంధుత్వానికి మన భాషలో ఉన్న పేరు సవతి. ఆ మాటను ఆ ఇద్దరూ వాడుకున్న తీరు ఇది.

న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకుని 1942లో మదరాసు హైకోర్టులో వకీలుగా నమోదయ్యారు. 1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభాధ్యక్ష పట్టికలో చోటు దక్కిన ఏకైక మహిళ ఆమె. వందలకొద్దీ సవరణలు ప్రతిపాదించారు. ఆ ఘట్టం మీద వ్యాసాలు చాలానే ఉన్నాయి కాబట్టి ఇక్కడ విస్తరించనక్కరలేదు. 1952 సాధారణ ఎన్నికల్లో ఆమె ఓడిపోయారు. ఓటమి మేలే చేసిందనాలి. అదే ఏడు నెహ్రూ ఆమెను ప్రణాళికా సంఘంలో సభ్యురాలిగా నియమించారు. సంఘసేవల శాఖ ఆమె చేతికి వచ్చింది.

అప్పటి పరిస్థితి చూడండి. 1952లో కేంద్రం కార్మికులకు సబ్సిడీ ఇళ్ళ పథకం ప్రారంభించింది. 1954లో తక్కువ ఆదాయ వర్గాల గృహనిర్మాణ పథకం వచ్చింది. 1956లో మురికివాడల చట్టం వచ్చింది. అన్నీ మంచివే. కానీ అన్నీ కుటుంబాన్ని లెక్కలోకి తీసుకున్నవి. కుటుంబం అంటే జీతం తెచ్చే మగవాడు, అతడి భార్యాపిల్లలు. మిల్లు కార్మికుడికి క్వార్టరు దొరకవచ్చు, అతడు వదిలేసిన భార్యకు ఏ పథకంలోనూ గది లేదు. ఊరి నుంచి వచ్చి టైపిస్టుగా, నర్సుగా, టీచరుగా చేరిన పిల్లకు పట్నంలో ఇల్లు అద్దెకిచ్చేవారు లేరు. ఇచ్చినా జీతమంతా అద్దెకే సరిపోయేది.

మనసు జబ్బుల విషయం ఇంతకన్నా అన్యాయంగా ఉంది. 1946లో నివేదిక ఇచ్చిన భోర్ సంఘం లెక్క ప్రకారం దేశంలో నలభై వేల జనానికి ఒక మంచం చొప్పున మానసిక చికిత్సాలయాలు ఉండేవి. ఇంగ్లాండులో మూడు వందల మందికి ఒకటి. చట్టం చూస్తే 1912 నాటిది, పేరే పిచ్చివారి చట్టం. మేజిస్ట్రేటు ఉత్తర్వుతో లోపల పెట్టడం తెలుసుగానీ, నయమైనవారిని ఎక్కడికి పంపాలో ఆ చట్టానికి తెలియదు. నయమై కూడా ఇంటినుంచి ఎవరూ రాక ఆసుపత్రుల్లోనే ముసలివారైన స్త్రీల కథలు ప్రతి పెద్దాసుపత్రి చుట్టుపక్కలా వినవచ్చేవి. ఆసుపత్రి మంచాలు పెంచినంతమాత్రాన ఇది తీరదు. ఇంటికీ ఆసుపత్రికీ మధ్య ఒక మజిలీ ఉండాలి.

దుర్గాబాయి వైద్యురాలు కారు. మానసిక చికిత్స తన రంగమని ఆమె ఎన్నడూ అనలేదు. ఆమె పట్టుకున్నది ఈ మజిలీని. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంఘసేవా సంస్థలకు సాయంగా నాలుగు కోట్ల రూపాయలు కేటాయింపజేశారు. ఆనకట్టలకు, ఉక్కుకు కేటాయించిన సొమ్ముతో పోలిస్తే ఇది చిల్లర. కానీ వికలాంగులకు, అనాథలకు, దిక్కులేని స్త్రీలకు దేశ ప్రణాళికలో ఒక పద్దు ఏర్పడటం అదే మొదలు. ఆ డబ్బు పంచడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి తొలి అధ్యక్షురాలు ఆమె. డబ్బు ప్రభుత్వానిది, చేతులు మాత్రం ఊళ్ళలోని సేవాసంస్థలవి. గుమాస్తాల చేతిలో పెడితే హాస్టలు కూడా కచేరీ అయిపోతుందని ఆమె భయం. రాష్ట్రాల బోర్డుల్లో అనధికార సభ్యులుగా ఎక్కువమంది స్త్రీలనే వేయించారు.

బోర్డు చేసిన పనుల్లో అనాథ బాలలకు, అంగవైకల్యం, బుద్ధిమాంద్యం ఉన్నవారికి సేవచేసే సంస్థలకు గ్రాంటులు ఉన్నాయి. నగరాల్లో పేవుమెంట్ల మీద పడుకునేవారికి రాత్రి బసలున్నాయి. తక్కువ జీతపు ఉద్యోగినులకు హాస్టళ్ళున్నాయి. పల్లెల్లో పాతిక ఊళ్ళను ఒక కేంద్రంగా చేసి బాలవాడి, మంత్రసాని సాయం, చేతిపనులు నడిపిన విస్తరణ పథకాలు ఉన్నాయి. సభలో తాను నడిపిన సంక్షిప్త తరగతులనే 1958 నుంచి దేశమంతటికీ విస్తరింపజేశారు.

వీటన్నిటికన్నా దూరదృష్టి గలది, 1954లో ఆమె వేయించిన రెండు సంఘాల పని. ఒకటి ధన్వంతి రామారావు అధ్యక్షతన వ్యభిచార వృత్తి నుంచి బయటపడే స్త్రీల సంగతి పరిశీలించింది. రెండోది ఎం.ఎస్. గోరే అధ్యక్షతన, జైళ్ళు, శరణాలయాలు వంటి సంస్థల నుంచి విడుదలై వచ్చేవారి అనంతర సంరక్షణ సంగతి చూసింది. గేటు దాటిన మనిషి ఎక్కడికి పోతుంది? ఇది మధుర జైలు నాటి ప్రశ్నే. ఇరవై ఏళ్ళ తర్వాత ప్రభుత్వ పరిశీలనాంశంగా మారింది. ఈ రెండు నివేదికల ఫలితంగా రెండో ప్రణాళికలో రాష్ట్రాల్లో సంరక్షణ గృహాలు, జిల్లాల్లో తాత్కాలిక ఆశ్రయాలు నెలకొల్పే పథకం వచ్చింది.

నరసాపురం పాఠకులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఈ ఊరికీ చుట్టుపక్కల పల్లెలకూ ఉపాధి అయింది. లేసు అల్లే స్త్రీకి ఇల్లే కార్ఖానా. అరుగుమీద వెలుతురు ఉంటే పని సాగుతుంది, వాన కురిసి చూరు కారితే ఆ పూట కూలి పోతుంది. జర్మనీ పండితురాలు మరియా మీస్ ఈ ప్రాంతంలో తిరిగి పరిశోధించి 1982లో వెలువరించిన గ్రంథం ఇదే విషయం చెప్పింది. ఇంటిపట్టున తీరికవేళ చేసే పని అని ముద్రవేసి కూలి అడుగుకు తొక్కారని ఆమె తేల్చారు. ఇల్లు స్త్రీకి తలదాచుకునే చోటు మాత్రమే కాదు, అన్నం పెట్టే చోటు కూడా. పక్కా ఇంటి ప్లానులో వెలుతురు వచ్చే అరుగు గురించి ఆలోచించిన ఇంజనీరు ఎందరున్నారో చెప్పలేం. బోర్డు చేతిపనుల కేంద్రాలు పెట్టినప్పుడు దుర్గాబాయి పట్టుకున్న అంశాల్లో ఇదొకటి. ఇంట్లో ఒంటరిగా కూర్చుని చేసే పనిని నలుగురు కలిసి కూర్చుని చేసే పనిగా మార్చడం. కూలి బేరం ఆడటానికే కాదు, మనసు విప్పి మాట్లాడుకోవడానికి కూడా అది అవసరం.

1953 జనవరిలో ఆమె అప్పటి ఆర్థికమంత్రి చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. నెహ్రూ సాక్షి సంతకం చేశారు. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరుగా చేసిన మనిషి, జైల్లో ఇంగ్లీషు నేర్చుకున్న మనిషి ఒక ఇంట చేరారు. ప్రభుత్వ ధనం విషయంలో ఇద్దరికీ ఒకే పట్టింపు.

అదే ఏడు చైనా, జపాన్ తదితర దేశాలు తిరిగి వచ్చిన దుర్గాబాయి, కుటుంబ తగాదాలకు వేరే న్యాయస్థానాలు కావాలని పట్టుబట్టారు. మనోవర్తి కోసం వచ్చిన ఆడమనిషిని దొంగతనం కేసుల మధ్య బెంచీ మీద ఏళ్ళ తరబడి కూర్చోబెట్టడం ఆమెకు సహించలేదు. న్యాయమూర్తులు చాగ్లా, గజేంద్రగడ్కర్‌లతోనూ నెహ్రూతోనూ ఈ విషయం చర్చించారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె లేరు.

ఆమె పెట్టిన పనులన్నీ అనుకున్నట్టే సాగాయని చెప్పడం సత్యదూరం. జిల్లా జిల్లాకూ ఆశ్రయం అన్నది చాలాచోట్ల కాగితం దాటలేదు. దాటినచోట కొన్ని గృహాలు జైళ్ళయ్యాయి. 1981లో ఆగ్రా రక్షణ గృహంలో స్త్రీలు ఎలాంటి దుస్థితిలో మగ్గుతున్నారో తెలుపుతూ ఇద్దరు న్యాయశాస్త్ర అధ్యాపకులు రాసిన లేఖను సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించింది. రక్షణ పేరుతో తాళం వేసిన గదికీ మధుర జైలు కొట్టుకూ తేడా ఏముంది? తన హాస్టళ్ళలో ఆమె పెట్టుకున్న నియమం, వచ్చిన స్త్రీ చదువో పనో నేర్చి ఒకనాటికి బయటకు పోవాలన్నది. ప్రభుత్వ గృహాల్లో రాకకు రిజిస్టరు ఉంది, పోకకు దారి లేదు. డబ్బు ప్రభుత్వం ఇచ్చి, చేతులు కూడా ప్రభుత్వానివే అయినప్పుడు ఇలా జరుగుతుందని ఆమె ముందే భయపడ్డారు. ఆ భయాన్ని చట్టంలో రాయించలేకపోవడం ఆమె లోపమనుకున్నా తప్పు లేదు.

మానసిక రోగుల విషయంలో దేశం ఇంకా నెమ్మదిగా నడిచింది. 1912 నాటి చట్టం స్థానంలో మరొకటి చేయడానికి 1987 దాకా పట్టింది. కొత్త చట్టం అమలుకు 1993 వరకు ఆగవలసి వచ్చింది. నేరమేదీ చేయని మతిస్థిమితం లేనివారిని జైళ్ళలో పెట్టడం చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది కూడా 1993లోనే. నయమైనవారిని ఇల్లు లేదన్న కారణంతో ఆసుపత్రిలో ఉంచరాదనీ, వారికి సమాజంలో బతికే హక్కుందనీ, మజిలీ గృహాలు ప్రభుత్వమే కల్పించాలనీ 2017 చట్టం చెబుతోంది. గోరే సంఘం అనంతర సంరక్షణ మాట ఎత్తింది 1954లో.

ఉద్యోగినుల హాస్టళ్ళ సంగతి కొంత నయం. బోర్డు వేసిన దారిలో కేంద్ర ప్రభుత్వం 1972-73లో హాస్టళ్ళ నిర్మాణానికి విడిగా పథకం తెచ్చింది. 1958లో ఏర్పడిన స్త్రీవిద్యా జాతీయ సంఘానికి అధ్యక్షురాలిగా ఆమె ఇచ్చిన నివేదికలో కూడా ఆడపిల్లలకు హాస్టళ్ళు, పల్లెల్లో పనిచేసే ఉపాధ్యాయినులకు క్వార్టర్లు కట్టాలన్న సూచనకు ప్రాధాన్యం ఉంది. ఊళ్ళో ఇల్లు లేకపోతే పంతులమ్మ రాదు, పంతులమ్మ లేకపోతే ఆడపిల్లను బడికి పంపరు. కట్టమంచి వారు అడిగిన ప్రశ్న దేశం మొత్తానికి వర్తించింది.

1962లో బోర్డు నుంచి తప్పుకున్నాక కూడా ఆమె ఊరుకోలేదు. ఢిల్లీలో సామాజికాభివృద్ధి మండలి నెలకొల్పారు. అంధుల సహాయక సంఘం తరఫున అంధులకు బడి, హాస్టలు, పనిశాల నడిపారు. మదరాసు అడయారులో వికలాంగ బాలలకు ఎముకల చికిత్సా కేంద్రం, ఆసుపత్రి వెలిశాయి. కాలు నయమయ్యేదాకా నెలల తరబడి ఉండవలసిన పిల్లలకు ఆసుపత్రిలోనే బడి పెట్టారు. మంచం మీద ఊరికే పడుకున్న పిల్లవాడి మనసు కాలికన్నా ముందు చచ్చిపోతుందని ఆమెకు తెలుసు. తర్వాత ఆ దంపతులు హైదరాబాదు చేరారు. ఆంధ్ర మహిళా సభ శాఖ అక్కడ విద్యానగర్‌లో ఆసుపత్రి, కళాశాలలతో పెరిగింది. వయోజన విద్య కోసం సాక్షరతా భవనం తెరిచారు. 1975లో భార్యాభర్తలిద్దరికీ పద్మవిభూషణ్ ఇచ్చారు.

సొంత ఇల్లు, ఆస్తి కూడబెట్టుకోవడం మీద ఆమెకు ధ్యాస లేకపోయింది. ఎక్కడ ఉన్నా సభ ఆవరణే ఇల్లు. చివరి రోజుల్లో కూడా ఒంట్లో బాగుండకపోయినా ప్రయాణాలు మానలేదు. 1981 మే 9న శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో కన్నుమూశారు. దేశ్‌ముఖ్ ఆ మరుసటి ఏడు అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, హైదరాబాదులో మరణించారు. ఢిల్లీ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణం దగ్గరి మెట్రో రైలు స్టేషనుకు 2018 నుంచి ఆమె పేరుంది. ఆ చుట్టుపక్కల వీధుల్లో దూరప్రాంతాల నుంచి చదువుకు వచ్చిన ఆడపిల్లలు అద్దె గదుల కోసం వెతుక్కుంటూ కనిపిస్తుంటారు.